అల్లుడు దాచిన సగం

మాస్టారిని తీసేశారన్న కబురు దగ్గర కిందటి వారం కథ ఆగింది. రేవు ఫుట్‌బాల్ జట్టు ఈ ఏడాది పట్టికలో జారుతూ జారుతూ అంచుకి వచ్చింది. ఇంకొక్క మెట్టు దిగితే కింది డివిజన్‌లో పడుతుంది. ఆ జట్టుని ఏళ్ళ తరబడి కన్నబిడ్డలా సాకిన కోచ్‌ని, ఊళ్ళో చిన్నా పెద్దా మాస్టారని పిలుచుకునే మనిషిని, క్లబ్బు ఛైర్మన్ కుర్చీలోంచి లేవకుండానే ఇంటికి పంపేశాడు. ఆటగాళ్ళే ఎవరో వెనక నుంచి కథ నడిపారని మాస్టారికి అర్థమైంది. ఎవరో మాత్రం తెలియలేదు. పాఠకులకు తెలుసు. ఇద్దర్ని వెంటబెట్టుకుని ఛైర్మన్ ఇంటి మెట్లెక్కి, "ఆయనుంటే మేం గట్టెక్కం సార్" అని చెప్పి వచ్చింది జట్టు కెప్టెన్. మాస్టారి ఒక్కగానొక్క కూతురి మొగుడు.

మర్నాడు పొద్దున మాస్టారు తన సామాను తీసుకువెళ్ళడానికి మైదానానికి వచ్చారు.

ఆయన గది స్టాండ్స్ కింద ఉండేది. కిటికీలోంచి చూస్తే ఒక గోల్‌పోస్టు, దాని వెనక ప్రహరీ, ప్రహరీ అవతల రేవులోని క్రేన్లు కనిపించేవి. తడి వలల వాసనా, కాళ్ళకి రాసుకునే తైలం వాసనా కలిసి ఆ గదికి ఎప్పటికీ వదలని జలుబు పట్టుకున్నట్టు ఉండేది. కెప్టెన్ అందరికంటే ముందే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకెందుకు శ్రమ? వెళ్ళి వార్మప్ చేసుకో," అన్నారు మాస్టారు.

"ఫర్వాలేదు మామయ్యా."

ఆ మాటకి మాస్టారు నవ్వారు. పెళ్ళైన కొత్తలోనే ఆయనొక కట్టడి పెట్టారు: గేటు దాటి లోపలికొస్తే మామయ్యా లేడు, అల్లుడూ లేడు. ఒకసారి నోరు జారి మామయ్యా అన్నందుకు జట్టంతా చూస్తుండగా అతన్ని మైదానం చుట్టూ పరిగెత్తించారు కూడా.

"ఇంక అనొచ్చులే," అన్నారు. "ఇవాళ్టినుంచి ఈ గేటు లోపల కూడా నేను నీకు మామయ్యనే. ఇంకేం కాను."

ఉన్ని స్వెటరు, నీళ్ళు కాచుకునే కెటిల్, గొడుగు, తాడు తెగిన విజిళ్ళు కొన్ని. అంత కొలువూ ఒక్క అట్టపెట్టెలో పట్టేసింది. కెప్టెన్ దాన్ని ఎత్తుకున్నాడు. తేలిగ్గా ఉంది. కాస్త బరువుగా ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. మోస్తున్నానన్న తృప్తయినా మిగిలేది.

బయట నడవాలో ఆటగాళ్ళు గోడకి ఆనుకుని వరసగా నిలబడి ఉన్నారు. కొత్త కోచ్ చివర్లో నిలబడి, అవసరం లేకపోయినా గొంతు సవరించుకుంటున్నాడు. మాస్టారు ఒక్కొక్కరి దగ్గరా ఆగి చెయ్యి కలిపారు. వింగ్‌లో ఆడే కుర్రాడితో, "బంతి కంటే ముందు పరిగెత్తకు నాన్నా, అది నీకోసమే వస్తోంది," అన్నారు. ఎంతకీ పెళ్ళి చేసుకోని ఫార్వర్డ్‌తో, "త్వరగా ఒకింటివాడివి అవ్వు. కనీసం ఇంట్లోనైనా నిన్నెవరో ఒకరు వదలకుండా మార్క్ చేస్తారు," అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక వాళ్ళు రెండూ చేశారు.

ఆ తర్వాత గోల్‌కీపర్ ఉన్నాడు. పొడుగు కాళ్ళూ, మెడ ముందుకి సాచి నిలబడే తీరూ చూసి జట్టులో అందరూ అతన్ని కొంగ అంటారు. అతను తొడుగు విప్పి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని చాపాడు.

మాస్టారు ఆ చేతిని చూశారు. తన చెయ్యి మాత్రం జేబులోంచి తియ్యలేదు.

"'మీరు చెప్పినట్టు ఆడితే గోల్ వలలోంచి బంతులు ఏరుకోవడమే నా ఉద్యోగమైపోతుంది.' ఈ మాట నాతో ఎవరన్నారు?"

"నేనే మాస్టారూ," అన్నాడు కొంగ. "ఆ రోజు ఓడిపోయి వచ్చాం. కోపంలో అన్నాను. అందరి ముందే అన్నాను."

"అందరి ముందు అన్నావు గనక నేనేమీ అనుకోలేదు. మొహం మీద అనేవాడు మొగాడు. కానీ నిన్న ఛైర్మన్ కూడా నాతో అక్షరం పొల్లుపోకుండా అదే మాట అన్నాడు. ఏరుకోవడమే ఉద్యోగమట. ఆ మాట గాలికి కొట్టుకుని ఆయన ఇంట్లోకి వెళ్ళిందా?"

ఆ మాట ఛైర్మన్ ఇంట్లోకి ఎలా వెళ్ళిందో కెప్టెన్‌కి తెలుసు. ఛైర్మన్ ఎంతకీ తల ఊపకపోతే, గట్టి మాట ఒకటి కావాలని వెతుక్కుని, కొంగ అన్న మాటని తానే అక్కడ వాడాడు. "ఆఖరికి మా గోల్‌కీపర్ కూడా అంటున్నాడు సార్," అని మొదలుపెట్టి.

కొంగ కళ్ళెత్తి కెప్టెన్ వైపు చూశాడు. ఒక్క క్షణమే. కెప్టెన్ వంగి, జారనే జారని అట్టపెట్టెని మోకాలి మీద ఆనించుకుని సర్దుకున్నాడు.

"నీ చెయ్యి బంతి పట్టుకోవడానికి దాచుకో," అన్నారు మాస్టారు కొంగతో.

అక్కడినుంచి రెండడుగులు వేసి, అందరూ చూస్తుండగా అల్లుడి భుజం మీద చెయ్యి వేశారు. "పద. వీడొక్కడున్నాడు నాకు, చాలు."

ఆ చెయ్యి కారు దాకా అతని భుజం మీదే ఉంది. కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

సాయంత్రానికల్లా రేవంతా ఆ సంగతి పాకింది. మాస్టారి నోటికాడ కూడు తీసినవాడు కొంగట. బస్టాపులో అదే మాట, మంగలి షాపులో అదే మాట. కెప్టెన్ భార్య ఆసుపత్రిలో నర్సు. డ్యూటీనుంచి వచ్చి చెప్పులు విప్పుతూనే, "విన్నావా? ఆ కొంగగాడేనట. మన పెళ్ళిలో వడ్డనంతా తనే చేశాడు. ఎలా వచ్చింది వాడికి మనసు?" అంది.

కెప్టెన్ టీవీ రిమోట్ వెతుక్కున్నాడు. అది చేతిలోనే ఉంది.

చెప్పేద్దామనే అనుకున్నాడు. ఆ వారమంతా అనుకుంటూనే ఉన్నాడు. ప్రాక్టీసు అయ్యాక చెప్దామనుకున్నాడు, మ్యాచ్ ముందు జట్టు మనసు చెడగొట్టడం ఎందుకని ఆగాడు. అలా ఆగడానికి క్లబ్బు బాగోగుల్నే అడ్డం పెట్టుకున్నాడు. ఒకసారి అలవాటైన సాకు రెండోసారి వెతుక్కోకుండానే దొరుకుతుంది.

సొంత మైదానంలో ఆ ఏడాదికి అదే ఆఖరి మ్యాచ్. ఓడితే అక్కడితో సరి. డ్రా అయినా సరే, చివరి మ్యాచ్ దాకా ఊపిరి ఉంటుంది. డ్రెస్సింగ్ రూములో కొత్త కోచ్ నాలుగు మాటలు చెప్పి, "కెప్టెన్ కూడా ఏమైనా చెప్తే బాగుంటుంది," అన్నాడు.

కెప్టెన్ లేచి నిలబడ్డాడు. "అందరం ఒక్కటిగా ఆడదాం," అన్నాడు. "ఒకరినొకరు కాసుకుందాం."

కొంగ తల వంచుకుని చేతి తొడుగుల పట్టీలు బిగించుకుంటున్నాడు. బిగించినవాటినే విప్పి మళ్ళీ బిగించాడు.

మైదానంలోకి వచ్చాక మొదటిసారి బంతి కొంగ చేతికి అందగానే స్టాండ్స్ ఊళ పెట్టాయి. ఎదుటి జట్టు గోల్‌కీపర్‌ని ఏడిపించే ఊళలు అలవాటే. సొంత గోల్‌కీపర్‌ని, సొంత జనం, సొంత మైదానంలో! ఎదుటి జట్టువాళ్ళే విస్తుపోయి అటూ ఇటూ చూశారు. బంతి ముట్టిన ప్రతిసారీ అదే గోల. "వెన్నుపోటు, వెన్నుపోటు" అని ఒక మూల పాటలా అందుకున్నారు. ఎవరో చెప్పు విసిరారు. అది గోల్ గీత మీద పడింది. కొంగ వంగి, దాన్ని తీసి, పోస్టు పక్కన జాగ్రత్తగా పెట్టాడు. విసిరినవాడు మళ్ళీ వచ్చి తీసుకెళ్తాడన్నట్టు.

కెప్టెన్ డిఫెండర్, అక్కడికి దూరంలో లేడు. నాలుగడుగులు వెనక్కి నడిచి, గోల్‌పోస్టు ముందు నిలబడి జనం వైపు చెయ్యెత్తితే చాలు, కొందరైనా నోరు మూసుకునేవారు. కెప్టెన్ మాట అంటే రేవులో ఆపాటి విలువ ఉంది. అతను ఆ నాలుగడుగులూ వెయ్యలేదు. చెయ్యెత్తితే, నీకెలా తెలుసు అని ఎవరైనా అడుగుతారేమోనన్న భయం. స్టాండ్స్‌లోంచి ఎవరూ అలా అడగరు. అయినా భయమే.

ఆట చివరికొస్తోంది. ఇంకా గోల్ లేదు. ఎదుటి ఫార్వర్డ్ ఒకడు బంతితో సూటిగా కెప్టెన్ మీదికే వచ్చాడు. కుడికి వస్తున్నట్టు భుజం వంచి, ఎడమకి తిప్పాడు. కెప్టెన్ తిరిగాడు. తిరిగాననే అనుకున్నాడు. ఎడమ మోకాలు అతని మాట వినేసరికి ఫార్వర్డ్ దాటిపోయాడు. ముందు కొంగ తప్ప ఎవరూ లేరు.

కొంగ ఆగలేదు. పొడుగు కాళ్ళతో ఎదురు పరిగెత్తి, నేల మీద పడి, బంతిని గుండెకి హత్తుకున్నాడు. ఫార్వర్డ్ బూటు అతని కనుబొమ్మకి తగిలింది. రక్తం కంట్లోకి కారింది. బంతి మాత్రం వదల్లేదు.

అప్పుడు కూడా, అంత ఆట కాపాడినవాడి మీద, రెండో మూలనుంచి ఎవరో "నటన!" అని అరిచారు.

మ్యాచ్ డ్రాగా ముగిసింది. రేవు జట్టు ఇంకా బతికే ఉంది. బతికించినవాడు దెబ్బలకి కట్టుకట్టే చిన్న గదిలో బల్ల మీద కూర్చుని, కనుబొమ్మకి దూది నొక్కుకుని, కుట్లు వేయించుకోవడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళే బండి కోసం చూస్తున్నాడు. కెప్టెన్ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు.

"నొప్పిగా ఉందా?"

"ఇదా? ఇది కాదు."

కెప్టెన్ గోడవారగా నిలబడ్డాడు. సింకులో ఎర్రటి నీళ్ళున్నాయి. ఎక్కడ చూడాలో తెలియక అతను ఆ నీళ్ళనే చూశాడు.

"మా అమ్మ వచ్చింది ఇవాళ," అన్నాడు కొంగ. "ఎప్పుడూ రాదు. కొడుకు కింద పడితే చూడలేనంటుంది. ఇక్కడ ఆఖరి మ్యాచ్ కదా అని నేనే బలవంతంగా లాక్కొచ్చాను. జనం నన్ను ఏమంటున్నారో ముందు ఆవిడకి అర్థం కాలేదట. పక్కనున్నావిణ్ణి అడిగిందట. ఆవిడ చెప్పిందట."

కెప్టెన్ కుళాయి తిప్పి ఆ ఎర్రటి నీళ్ళని పోనిచ్చాడు.

"నువ్వు ఛైర్మన్ దగ్గరికి రమ్మని ముందు నన్నే కదా పిలిచావు. నేను తలుపేసుకున్నాను. నా వంతు అయిపోయిందనుకున్నాను. తలుపేసుకోవడం కాదు, అప్పుడే చెప్పులేసుకుని మాస్టారి దగ్గరికి వెళ్ళాల్సింది. అది నా తప్పు. దానికి ఈ కుట్లు సరిపోతాయి."

"నువ్వెందుకు చెప్పట్లేదు? నడవాలోనే చెప్పేయొచ్చు కదా! నా మొహం మీదే..."

"చెప్పనుగాక చెప్పను. నీ మీద జాలితో కాదు." కొంగ దూది తీసి చూసుకుని మళ్ళీ నొక్కుకున్నాడు. "చెప్తే నేనూ నీలాగే ఒకడి సంగతి మోసుకెళ్ళి ఇంకొకడి గుమ్మంలో పోసినవాణ్ణవుతాను. ఇన్ని ఊళలు విని కూడా నేను ఇంకా అంతవాణ్ణి కాలేదు. నువ్వే చెప్పుకో. చెప్పుకోలేకపోతే, అలాగే మెడలో వేసుకుని తిరుగు."

బండి వచ్చింది. అతను లేచి, గుమ్మం ఎత్తుకి తల వంచి, బయటికి నడిచాడు.

మర్నాడు సాయంత్రం కెప్టెన్ ఇంటికి వెళ్ళేసరికి మామగారు వంటింట్లో నేల మీద కూర్చుని సింకు కింది గొట్టం విప్పుతున్నారు. కూతురింటికి రోజూ భోజనానికి వస్తున్నారాయన. పనిలేని ఆ వారంలో ఇంట్లో వదులైన తలుపుల బందులన్నీ బిగించేశారు, వదులు కానివి కూడా బిగించారు. ఇక బిగించడానికేమీ మిగలక, బాగానే ఉన్న కుళాయి మీద పడ్డారు. కూతురు పక్కనే నిలబడి కూరగాయలు తరుగుతోంది.

"నిన్న కుట్లకి మా ఆసుపత్రికే తీసుకొచ్చారు ఆ మహానుభావుణ్ణి," అంది భర్తని చూడగానే. "నా డ్యూటీయే. నమస్కారం అక్కా అన్నాడు. నేను మాట్లాడలేదు. వాడి మొహం మీదే తెర లాగేసి, ఇంకో సిస్టర్‌ని పంపించాను. ఇన్నేళ్ళలో ఏ పేషెంట్‌నీ నేనలా చెయ్యలేదు."

"అలా చెయ్యకూడదమ్మా," అన్నారు మాస్టారు సింకు కిందినుంచి. "దెబ్బ తగిలినవాడు దెబ్బ తగిలినవాడే." తర్వాత గొట్టం వదిలి, చేతులు తుడుచుకుని పైకి లేచారు. "రా అల్లుడూ, కూర్చో. నీతో ఒక సంగతి మాట్లాడాలి. నీకోసమే చూస్తున్నా."

ముగ్గురూ వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నారు.

"కొండ కింది క్లబ్బువాళ్ళు ఫోన్ చేశారు. వాళ్ళ కోచ్ మంచాన పడ్డాడట. చివరి మ్యాచ్‌కి నన్ను వచ్చి కూర్చోమంటున్నారు."

రేవు జట్టు చివరి మ్యాచ్ కొండ కింది జట్టుతోనే. వాళ్ళూ మునిగే పడవలోనే ఉన్నారు. గెలిచినవాళ్ళు ఒడ్డెక్కుతారు, ఓడినవాళ్ళు కింది డివిజన్‌కి పోతారు. డ్రా అయినా మునిగేది రేవు జట్టే.

"వెళ్ళాలని ఉంది," అన్నారు మాస్టారు. అది చెప్పడానికి ఆయన సిగ్గుపడుతున్నట్టు కనిపించారు. బల్ల మీద లేని ముక్కల్ని వేలితో పోగుచేస్తున్నారు. "కోపంతో కాదురా. ఇంట్లో కూర్చుంటే ప్రాణం పోతున్నట్టుంది. కానీ అది నీమీదికి జట్టుని తోలడం అవుతుంది. మిగతావాళ్ళ సంగతి నాకక్కర్లేదు. నన్ను అమ్ముకున్నవాడు వాళ్ళలోనే ఉన్నాడు. నువ్వొక్కడివే నిజాయితీగా నిలబడ్డావు. నిన్నడక్కుండా మాటివ్వను. నువ్వొద్దంటే మానేస్తాను, ఒట్టు."

"వెళ్ళండి నాన్నా," అంది కూతురు. "తనెందుకు వద్దంటాడు?"

ఇద్దరూ అతని వైపు చూశారు. తన నోటినుంచి ఒక్క మాట వస్తే చాలు, ఆయన ఆగిపోతారు. జట్టుకి మేలే. రెండోసారి కూడా అంతా క్లబ్బు కోసమే. సులువుగా కనిపించిన ఆ దారిని చూసి అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"కొంగ కాదు," అన్నాడు.

"ఏంటి?"

"ఛైర్మన్ దగ్గరికి వెళ్ళింది కొంగ కాదు మామయ్యా. నేను. రమ్మంటే వాడు రానన్నాడు. వాడి మాటని అక్కడ నేనే చెప్పాను."

కూతురి చేతిలో కత్తి ఆగిపోయింది. విప్పిన గొట్టంలోంచి నీటిబొట్లు బకెట్లో పడుతున్నాయి. మాస్టారి మొహంలో కోపం వస్తుందని కెప్టెన్ కాచుకుని కూర్చున్నాడు. రాలేదు. ఆయన తన కుడిచేతిని బల్ల మీద తిరగేసి చూసుకుంటున్నారు.

"అయితే కొంగ కాదన్నమాట," అన్నారు చివరికి. "చెయ్యి చాపాడు వాడు. తుడుచుకుని మరీ చాపాడు."

"నేను తెర లాగేశాను," అంది కూతురు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. తర్వాత భర్త వైపు తిరిగింది. "ఎందుకు? నువ్వెందుకు చేశావు?"

"ఓడిపోతున్నాం. పద్ధతులు పాతబడ్డాయని అందరికీ అనిపించింది. ఎవరో ఒకరు చెప్పాలి కదా. కెప్టెన్‌ని నేను. క్లబ్బు మునిగిపోతుంటే..." చెప్తున్నకొద్దీ అతని గొంతు కొద్దిగా కుదుటపడింది. నిజం చెప్పడం అనుకున్నంత కష్టం కాదనిపించింది కూడా. "క్లబ్బు కోసమే చేశాను. చేసిన పద్ధతి తప్పు. దానికి ఏ శిక్ష వేసినా సరే."

కూతురు తండ్రి వైపు చూసింది. మాస్టారు అల్లుడి వైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ నెమ్మదిగా తల ఊపారు.

"ఓడిపోతున్న మాట నిజమేనమ్మా," అన్నారు. "క్లబ్బు మంచికే అనుకుని ఉంటాడులే."

కెప్టెన్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ మాటతో ఆయన తనని కాపాడుతున్నారని అతనికి తెలిసిపోయింది. దాచిన సగం ఆ గదిలో ఇద్దరికే తెలుసు. అతనికీ, ఆయనకీ.

ఛైర్మన్ ఇంటికి వెళ్ళిన రోజుకి ముందు రోజు, ప్రాక్టీసు నుంచి వస్తూ మాస్టారు కారుని దారిలో పక్కకి ఆపారు. ఇంజన్ కట్టేసి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, చాలా కష్టంగా ఒక మాట చెప్పారు. "వచ్చే మ్యాచ్‌లో నువ్వు బయట కూర్చో అల్లుడూ. ఎడమ మోకాలు తిరగట్లేదు. నువ్వు నాతో చెప్పలేదు, నేను చూశాను. నీ చోట్లో ఒక కుర్రాణ్ణి దింపుతాను. ఎవరికీ చెప్పను, నువ్వే అడిగావని చెప్దాం. నీ పరువు నీకుంటుంది." సరే మామయ్యా అని నవ్వాడు అతను. ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాడు. మర్నాడు క్లబ్బు మునిగిపోతోందని అతనికి హఠాత్తుగా గుర్తొచ్చింది.

ఇప్పుడు ఆయన ఒక్క మాట చాలు, కూతురి ముందు అతన్ని పూర్తిగా నగ్నంగా నిలబెట్టడానికి. ఆయన ఆ మాట అనట్లేదు. కిటికీ బయట చూడ్డానికి ఏమీ లేకపోయినా చూస్తున్నారు.

"అది కాదు," అన్నాడు కెప్టెన్.

"ఊరుకో," అన్నారు మాస్టారు వెంటనే. "అయిపోయింది కదా. లేవండి, భోంచేద్దాం."

"అది సగమే." అతను భార్య వైపు తిరిగాడు. ఆమె కళ్ళలోకి చూడలేక, ఆమె చేతిలోని కత్తి మీద చూపు ఆనించాడు. "ముందు రోజు మామయ్య నన్ను తీసేస్తానన్నారు. మోకాలు పోయిందని. నా పరువు పోకుండా నేనే అడిగినట్టు చెప్తానన్నారు కూడా. అందుకే వెళ్ళాను. అప్పటిదాకా పద్ధతుల గురించి నాకే గొడవా లేదు."

"అంటే..." ఆమె ఆగింది. "నీ చోటు కోసం."

"అవును."

"క్లబ్బూ లేదు, ఏమీ లేదు. నీ చోటు కోసం మా నాన్నని రోడ్డున పడేసి, వాళ్ళమ్మ ముందు వాణ్ణి తిట్టించావు. వారం రోజులు ఇదే బల్ల దగ్గర కూర్చుని మాతో పాటు తిన్నావు."



"ఆ సగం నువ్వు చెప్పక్కర్లేదు," అన్నారు మాస్టారు. ఆయన గొంతు మొదటిసారి వణికింది. "నాతోనే పోయేది."

"అందుకే చెప్పాను మామయ్యా."

కూతురు కత్తి బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని, గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు కెప్టెన్.

"కొంగ వాళ్ళింటికి. వాళ్ళమ్మగారి కాళ్ళు పట్టుకోవాలి. నా తరఫున, మా నాన్న తరఫున వెళ్తున్నాను. నీ తరఫున నువ్వు వెళ్ళు. నాతో మాత్రం రాకు."

ఆమె గడియ తీసింది. అంతలో బల్ల మీదున్న మాస్టారి ఫోన్ మోగింది. కొండ కింది క్లబ్బు ఛైర్మన్. ఆయనది మైకు అక్కర్లేని గొంతు, ఫోన్లోంచి వంటిల్లంతా వినిపించింది. కూతురు గడియ మీద చెయ్యి అలాగే ఉంచి ఆగింది.

"ఏమంటారు మాస్టారూ? మీవాళ్ళని అడిగి చెప్తానన్నారు. అడిగారా?"

మాస్టారు అల్లుణ్ణి చూశారు. కూతుర్ని చూశారు. నిటారుగా కూర్చున్నారు.

"అడిగానండీ. వస్తున్నాను. రేపు పొద్దున ప్రాక్టీసుకే వచ్చేస్తాను."

"బతికించారు! ఒక్క సందేహం మాస్టారూ, మా కుర్రాళ్ళు ఇక్కడే ఉన్నారు, దాని గురించే కొట్టుకుంటున్నారు. ఆ రేవు జట్టు కెప్టెన్ ఉన్నాడే, మీ అల్లుడు. గోడలా అడ్డం పడతాడు. అడగకూడదు గానీ, అతన్ని ఎటునుంచి దాటాలంటారు?"

మాస్టారు ఫోన్ చెవి నుంచి తీసి, అరచేతిలో పట్టుకుని, కాసేపు దానివైపే చూశారు. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆయన గొంతులో వణుకు లేదు. కూతురి పెళ్ళైన దగ్గరనుంచి ఇంట్లోగాని, మైదానంలోగాని ఆయన నోట అల్లుడు ఎన్నడూ వినని మర్యాద ఉంది.

"రేవు జట్టు కెప్టెన్‌గారు నా ఎదురుగానే ఉన్నారండీ," అన్నారు. "వారినే అడగండి."

బల్ల మీదుగా ఫోన్‌ని అతని వైపు చాపారు.